రికార్డుకు రెండో పక్క

మా పురానా గీత్ మండలిలో పాటలకు యజమానులు ఉంటారు. ఒకరి పాట ఇంకొకరు పాడకూడదు. ఇంట్లో స్నానం చేస్తూ పాడుకుంటే మేం వచ్చి చూడం కాబట్టి అది వాళ్ల మనస్సాక్షికే వదిలేశాం. నెలకోసారి ఆదివారం సాయంత్రం వరంగల్ కొత్తవాడలో, నేలమీద పరిచే దరీల దుకాణం పైనున్న హాల్లో కూర్చున్నప్పుడు మాత్రం ఎవరి పాట వాళ్లే పాడాలి. ఈ రూలు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తెలిస్తే వాళ్లతో పోట్లాడేదాన్ని. దీనివల్ల నాలాంటి శ్రోతలు ఒకే మనిషి గొంతులో ఒకే పాట ఏళ్ల తరబడి వినాల్సి వస్తోంది.

మావన్నీ హిందీ సినిమాకు అప్పుడప్పుడే మాటలు వచ్చిన రోజుల పాటలు. తెరమీద కనిపించే మనిషే పాడాల్సిన రోజులవి. అందగాడికి గొంతు లేకపోయినా పాడాల్సిందే, గొంతున్నవాడికి నటన రాకపోయినా నటించాల్సిందే. తరవాత తెరవెనక పాడేవాళ్లు వచ్చి ఆ చిక్కు తీర్చారు. వాళ్ల పాటలకు వాడకొక క్లబ్బు ఉంది, ఫోన్లో కరోకె పెట్టుకుని పాడుకుంటారు. మా పాటలకు కరోకె దొరకదు. అందుకని మాకు హార్మోనియం వాయించే భానుచందర్ ఉన్నాడు. అతనికి బట్టతల, మంచి చెవి, కొంచెం అలక.

నేను పాడను. ములుగులోనూ ఆ చుట్టుపక్కల ఊళ్లలోనూ హిందీ టీచరుగా చేసి రిటైరయ్యాను. మండలిలో నా పని మైకు పట్టుకుని "ఇప్పుడు ఫలానావారి పాట" అని ప్రకటించడం, తరవాత వాళ్ల ఉచ్చారణ సరిచేయడం. మొదటి పని వాళ్లు అప్పజెప్పారు. రెండోది నేనే తీసుకున్నాను. వరంగల్లో హిందీ రానివాడు లేడు, బజార్లో బేరాలన్నీ అందులోనే ఆడతారు. కానీ ఆ కాలం పాటల్లో సగం బనారస్ వైపు పల్లెటూరి యాసలో ఉంటాయి. అది మావాళ్లకు ఎక్కదు. గొంతు వణికిన చోటల్లా విరహం అనుకుని కళ్లు మూసుకుంటారు. ఒకాయన పశువుల సంతలో బేరమాడే పాటను కూడా కళ్లు మూసుకునే పాడతాడు. చెప్పి చెప్పి మానేశాను.

అందరిలోకీ పాత యజమాని రాజేశ్వర్ రావు గారు. చౌరస్తా దగ్గర దరీలు, దుప్పట్లు అమ్మే దుకాణం ఆయనది. ఆయన పాట రికార్డు వాళ్ల నాన్న సికింద్రాబాదులో గ్రామఫోనుతో పాటు కొనితెచ్చాడట. ఆ రోజుల్లో చాలా రికార్డుల మీద పాడిన మనిషి పేరు వేసేవాళ్లు కాదు, సినిమాలో పాత్ర పేరు వేసేవాళ్లు. ఆ సినిమా రీలు ఎక్కడా మిగల్లేదు. పాడినవాడెవడో ఎవరూ తేల్చలేకపోయారు. కాబట్టి వరంగల్ మట్టుకు అది రావుసాబ్ పాట. ఊరు విడిచి కూలికి పోతున్న మనిషి పెళ్లానికి చెప్పే మాటలవి. తలుపు గడియ పెట్టకు, ఏ రాత్రి వస్తానో నాకే తెలియదు, వచ్చేసరికి తలుపు తీసి ఉండాలి, ఇదీ దాని సారం. రావు గారు దాన్ని ముక్కుతో పాడేవారు. అసలు పాడినవాడూ ముక్కుతోనే పాడాడు కాబట్టి తప్పు పట్టలేకపోయాను.

నిరుడు ఆయన పోయారు. పొద్దున అన్నం తిని దుకాణానికి వెళ్లి, గల్లా దగ్గర కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది.

యజమాని పోతే ఆ పాటను ఏడాదిపాటు ఎవరూ ముట్టుకోరు. ఇదీ మా రూలే. ఏడాది తిరిగాక ఇంట్లోవాళ్లను అడుగుతాం. వాళ్లు వద్దంటే వరసలో ఉన్నవాళ్లకు పోతుంది. రావుసాబ్ పాటకు వరసలో ఉన్నవాడు వెంకట్రాజం. కాజీపేటలో రైల్వే గార్డుగా చేసి వచ్చినవాడు, ఇప్పుడు మండలికి అధ్యక్షుడు, రావు గారికి చిన్ననాటి దోస్తు. ఇతని సొంత పాట ఆ సంతలో పశువుల పాటే. దాన్నుంచి బయటపడాలని అతనికి ఎంత ఉందో నాకు తెలుసు.

సంవత్సరీకం దగ్గరపడ్డాక నేనూ వెంకట్రాజమూ రావు గారింటికి వెళ్లాం. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. తోయగానే తెరుచుకుంది. లోపల వసారాలో ఒక కోతి దర్జాగా కూర్చుని అరటిపండు వొలుచుకుంటోంది. మమ్మల్ని చూసి, మీరెవరన్నట్టు పళ్లు చూపించింది. వెంకట్రాజం చెప్పు తీసి విసిరితే గోడెక్కిపోయింది, పండు మాత్రం వదల్లేదు.

కోడలు రమ్య చీపురు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "చూసిండ్రా టీచర్? రోజూ ఇదే లొల్లి. అత్తమ్మ తలుపు గడియ పెట్టది. రాత్రి కూడ పెట్టది. మేమే మళ్ల లేచి వచ్చి పెడ్తున్నం. జర మీరన్న చెప్పుండ్రి."

"మర్శిపోతాన బిడ్డా," అంటూ రావు గారి భార్య శకుంతల గారు లోపలి నుంచి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉంటారు. మనతో మాట్లాడేటప్పుడు మన ముఖం కాకుండా మన భుజం మీదుగా వెనక ఏదో చూస్తున్నట్టు ఉంటారు. మండలికి ఆవిడ వచ్చింది బహుశా రెండు మూడుసార్లు. వచ్చినప్పుడు కూడా ఆడవాళ్ల వెనక గోడకు ఆనుకుని కూర్చునేవారు.

వెంకట్రాజం గొంతు సవరించుకుని, రూలు చెప్పి, పాటను ఆవిడకు అప్పగించాడు. బాగానే మాట్లాడాడు. మధ్యలో కళ్లు కూడా తుడుచుకున్నాడు. "రావుసాబ్ పాట నీ నోటె వినాలె వదినా. గిదే మా అందరి కోరిక," అని ముగించాడు.

"నాకొద్దు," అన్నారు శకుంతల గారు.

వెంకట్రాజం ముఖంలో సంతోషం ఎంత తొందరగా వచ్చిందంటే, దాన్ని దాచుకోవడానికి పాపం దగ్గాల్సి వచ్చింది. కానీ ఆవిడ మాట అక్కడితో అయిపోలేదు.

"ఆ పక్క నాకొద్దు. రికార్డుకు రెండో పక్కున్నది గద. అది పాడ్త."

మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. ఆ రికార్డుకు రెండో పక్క ఉంటుందన్న ఆలోచన ఇన్నేళ్లలో మాకెవరికీ రాలేదు. ప్రతి రికార్డుకూ ఉంటుంది, మాకు తెలియక కాదు. కానీ రావు గారు ఒక్క పక్కే పాడేవారు, మేం ఒక్క పక్కే వినేవాళ్లం.

"రెండో పక్కేముంది వదినా?"

"అదే పాట. ఆడమనిషి పాడింది."

"మరి ట్యూను?"

"ట్యూను అదే."

వెంకట్రాజం దగ్గు ఆగిపోయింది. ట్యూను అదే అయితే పాట అదే. పాట అదే అయితే అది ఆవిడది అయిపోతుంది, ఇతను మళ్లీ సంతకు పోయి పశువులు బేరమాడుకోవాలి. "అట్లెట్ల వదినా? మొదటి పక్క వద్దంటవు, రెండో పక్క కావాలంటవు. పాట ఒకటే కద. ఒక్క పాటకు ఇద్దరు ఓనర్లు ఎక్కడన్న ఉంటరా?"

"రికార్డు మీద ఇద్దరి పేర్లున్నయి," అన్నారావిడ. "ఈ పక్క మొగోని పేరు, ఆ పక్క ఆడిదాని పేరు. పాడిన ఆమె అసలు పేరు నాకు తెల్వది. ఎవలకూ తెల్వది. అయితే మాత్రం? పాడింది ఆమెనే గద."

అప్పుడే కొడుకు శశాంక్ వచ్చాడు, దుకాణం నుంచి. చేతిలో ఫోను, ఫోన్లో ఫ్లెక్సీ బొమ్మ. సంవత్సరీకం మరునాడు మండలి సభ, బంధువులందరినీ పిలిచాడు. ఫ్లెక్సీలో రావు గారి నవ్వుముఖం, చుట్టూ గులాబీలు, కింద "నాన్న పాట... అమ్మ గొంతులో" అని పెద్ద అక్షరాలు. ప్రింటుకు పంపేశానని చెప్పి అందరికీ చూపించాడు. మంచి పిల్లాడే. తండ్రి మీద ప్రేమ ఉన్నవాడు. కాకపోతే ఆ ప్రేమను పదడుగుల ఫ్లెక్సీ మీద వేస్తే తప్ప అతనికి నమ్మకం కుదరదు.

"నాయిన పాట నేను పాడ్తలేను శశాంక్," అన్నారు శకుంతల గారు. "రెండో పక్క పాడ్తాన."

"రెండో పక్కేంది అమ్మా? ఎవ్వరు వినలే అది. అందరు నాన్న పాట కోసం వస్తాన్రు. హైదరాబాద్ నుంచి చిన్నబాపు వస్తాండు. నాన్నది పాడవే, ఒక్కసారి. ఆయన కోసం."

"ఆయనది ఆయన పాడిండు గద. సరిపోను పాడిండు."

ఆ మాటకు శశాంక్ ముఖం చిన్నబోయింది. నిజం చెప్పాలంటే నాక్కూడా కొంచెం మొండితనంగానే తోచింది. పోయిన మనిషి పాట ఒక్కసారి పాడితే ఏం పోతుంది అనుకున్నాను. కానీ ఆవిడ చేతుల వైపు చూశాను. కొంగు చివరను వేలికి చుడుతున్నారు, విప్పుతున్నారు. చూపు మాత్రం మామూలుగానే మా భుజాల మీదుగా ఉంది. ఇది మొండితనం కాదు, ఆశ. ఆవిడకు ఈ పాట పాడాలని ఉంది. చాలాకాలంగా ఉంది. వద్దంటారేమోనని భయంగా కూడా ఉంది.

"మీకెట్ల వచ్చక్కా ఆ పక్క?" అని అడిగాను.

"ఆయన దుకాణానికి పోయినంక మధ్యాన్నం పెట్టుకునేదాన్ని. పక్కింట్ల మిఠాయి దుకాణపోళ్ల కోడలుండె, ఆమెది బనారస్ దిక్కు. ఆమె కూడ వచ్చి కూసునేది. ఇద్దరం కల్సి పాడుకునేది. తర్వాత గ్రామఫోన్ స్ప్రింగు పోయింది. గప్పటికే నాకు నోటికొచ్చేసింది."

"ఏముందందులో?"

"పాడినప్పుడు వింటవు గద టీచర్."

వెంకట్రాజం ఇంకా రూలు దగ్గరే ఉన్నాడు. ట్యూను ఒకటైతే పాట ఒకటేనని మళ్లీ మొదలుపెట్టాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "పాడినవాళ్లు ఇద్దరు, మాటలు వేరు, కాబట్టి పాటలు రెండు. మైకు నా చేతిలో ఉంటుంది. శకుంతల గారి పాట అని నేను చెప్తే అది శకుంతల గారి పాటే. ఇష్టం లేకుంటే మైకు ఇంకొకరికియ్యండి, మీ ఉచ్చారణ కూడా వాళ్లే చూసుకుంటారు," అన్నాను.

శకుంతల గారు నవ్వారు. "వెంకట్రాజం, ఆ మొదటి పక్క నువ్వు తీస్కో. ఆయనుంటే నీకే ఇయ్యమనేటోడు. ఆ ఎడ్ల పాట పాడలేక ఎంత గోస పడ్తున్నవో ఇంటికొచ్చి చెప్పెటోడు."

వెంకట్రాజం సిగ్గుపడి, సంతోషపడి, మళ్లీ సిగ్గుపడ్డాడు. ఇంక అభ్యంతరం చెప్పే మనిషి ఒక్కడే మిగిలాడు. శశాంక్ ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆవిడ అతను వెళ్లినవైపే చూస్తూ నిలబడ్డారు. "కోపమొచ్చింది పోరనికి," అన్నారు. పాట మాత్రం మార్చుకుంటాననలేదు.

సభ రోజు నేను కాస్త ముందే వెళ్లాను. హాల్లో ఎదుటి గోడకు ఫ్లెక్సీ కట్టారు. "నాన్న పాట... అమ్మ గొంతులో" అక్షరాలు అలాగే ఉన్నాయి. దండ వేసి ఉంది. నేల మీద దరీలు పరిచారు, ముసలివాళ్లకు గోడవెంట కుర్చీలు వేశారు. బంధువులతో హాలు నిండిపోయింది. మామూలుగా మా సభకు వచ్చేది మేమూ, టీ తెచ్చే మనిషీ.

శకుంతల గారు హార్మోనియం పక్కకు వచ్చి కూర్చున్నారు. భానుచందర్ అలవాటు ప్రకారం రావు గారి శ్రుతి పట్టాడు. ఆయన పోయి ఏడాదైనా వేళ్లు అక్కడికే పోయాయి. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"అది నాది కాదు భానూ. పైకి పో."

అతను కొంచెం పైకి వెళ్లాడు.

"ఇంకా."

భానుచందర్‌కు అలక వచ్చే సూచనలు కనిపించాయి. ఆవిడ సన్నగా తన శ్రుతి అందించారు. అతను విని, పెట్టెమీద వెతుక్కుని, దొరకపుచ్చుకుని, ఆశ్చర్యంగా ఆవిడవైపు చూశాడు. ఆ గొంతు అంత పైన ఉంటుందని ఎవరూ అనుకోలేదు. ఎప్పుడు విన్నాం గనక?

నేను మైకు తీసుకున్నాను. ముందు వరసలో శశాంక్ కూర్చుని ఉన్నాడు. అతని కళ్లు నన్ను బతిమాలుతున్నాయి, నాన్న పేరు చెప్పమని. ఒక్క క్షణం తడబడ్డాను. తరవాత, "ఇప్పుడు శకుంతల గారి పాట," అన్నాను. అంతే అన్నాను. బంధువుల్లో గుసగుసలు మొదలయ్యాయి.

ఆవిడ మొదలుపెట్టారు.

గొప్ప గొంతేం కాదు. అది ముందే చెప్పాలి. పై స్థాయిలో సన్నగా చీలుతుంది, ఊపిరి చాలక వాక్యం మధ్యలో ఆగిపోతుంది. కానీ ఆవిడ తడుముకోవడం లేదు. ప్రతి మాటా ఎక్కడ మొదలవ్వాలో అక్కడే మొదలవుతోంది. మాకందరికీ అలవాటైన అదే రాగం, రావు గారి రాగం, హాల్లోకి వచ్చేసరికి ఒక్కొక్కరి కళ్లూ మూసుకున్నాయి. పల్లవి ముగిసేసరికి వెంకట్రాజం చేతిరుమాలు తీశాడు. రావు గారి తమ్ముడు, హైదరాబాదు చిన్నబాపు బోరుమన్నాడు. వెనక వరసలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. విధవరాలు మొగుణ్ని తలుచుకుని పాడుతోంది, ఇంకేం కావాలి?

నేను మాటలు విన్నాను. విని, ఆ ఏడుపుల మధ్య పక్కున నవ్వాను.

నోరు నొక్కుకున్నాను గాని లాభం లేకపోయింది. వెంకట్రాజం ఎర్రటి కళ్లతో నావైపు ఉరిమి చూశాడు. శశాంక్ చూపు చూస్తే నన్ను మెట్ల మీంచి తోసేసేలా ఉన్నాడు. శకుంతల గారొక్కరే నా ముఖంలోకి సూటిగా చూశారు. ఆవిడ నా ముఖంలోకి చూడటం అదే మొదటిసారి. ఆవిడ కళ్లు నవ్వుతున్నాయి. పాడుతూనే ఉన్నారు. రెండో చరణంలో నాకు మళ్లీ నవ్వొచ్చింది, భుజాలు కదిలేంత. పక్కనున్నావిడ నేను ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది.

మూడో చరణం దగ్గర నా నవ్వు ఆగిపోయింది. పాట కూడా అక్కడితో అయిపోయింది. ఆ రికార్డులో అంతకంటే చోటు లేదు.

కాసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అందరికీ ముక్కులు చీదుకోవడంతోనే సరిపోయింది. వెంకట్రాజం లేచి నిలబడి, "వదినా, ఎంత బాధ, ఎంత ప్రేమ," అన్నాడు, మాట పూర్తిచేయలేక కూర్చున్నాడు.

"టీచర్ ఎందుకు నవ్విందో అడుగుండ్రి," అన్నారు శకుంతల గారు.

అందరూ నావైపు తిరిగారు. మైకు నా చేతిలోనే ఉంది. ఇన్నేళ్లు ఈ హాల్లో అర్థాలు చెప్పబోతే ఎవరూ వినలేదు. ఇవాళ అడుగుతున్నారు. చెప్పాను.

"మగాయన తలుపు గడియ పెట్టకు అంటాడు కదా. దానికి ఈవిడ జవాబు చెప్తోంది. నేను గడియ పెట్టుకునే పడుకుంటా అంటోంది. రాత్రిపూట వచ్చేది నువ్వొక్కడివేనా? దొంగలొస్తారు, నక్కలొస్తాయి, నీ బాకీలవాళ్లొస్తారు. అందరికీ తలుపు తీసిపెట్టనా?"

ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. కన్నీళ్లు ఇంకా ఆరలేదు, ఏం చేయాలో వాళ్లకు తోచలేదు.

"రెండో చరణం. వచ్చిన రోజు తలుపు తట్టు. దేవుడు చేతులిచ్చాడు కదా. ఒక్కసారి తట్టగానే లేస్తాననుకోకు, దుప్పటి వెచ్చగా ఉంటుంది. రెండోసారి తట్టినా కుక్క అనుకుంటా. ఆ తరవాత చూద్దాం."

హాలు గొల్లుమంది. చిన్నబాపు ఏడుస్తూనే నవ్వాడు, పొరపోయి దగ్గాడు. వెనకనున్న ఆడవాళ్ల నవ్వయితే ఆగలేదు. రమ్య కూడా నవ్వింది. భానుచందర్ హార్మోనియం మీద తల ఆనించాడు. సంవత్సరీకం సభలో, గులాబీల మధ్య నవ్వుతున్న రావు గారి ఫోటో ముందు, అంతమంది అంత నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

శశాంక్ నవ్వలేదు. "నాన్న కోసం పాడ్తవనుకున్నం అమ్మా," అన్నాడు. గొంతు చిన్నపిల్లాడిలా ఉంది. "గిది నాన్నను ఎక్కిరిచ్చినట్టు లేదా?"

హాలు సద్దుమణిగింది. శకుంతల గారు కొడుకు వైపు తిరిగారు.

"మీ నాయినకు ఈ పాట తెల్వదనుకున్నవా? నెలకొక్కపారి ఈడికొచ్చి, తలుపు గడియ పెట్టకు పెట్టకు అని మీ అందరి ముంగట పాడి, పొద్దుపోయినంక ఇంటికొచ్చేటోడు. నేను గడియ పెట్టుకునేదాన్ని. కావాల్నని పెట్టుకునేదాన్ని. ఆయనొచ్చి తట్టేటోడు. లోపటి నుంచి నేను ఈ పాట అందుకునేదాన్ని. బయట నిలబడి నవ్వేటోడు. రెండు చరణాలయ్యేదాక తీసేదాన్ని కాదు. వానల్ల తడ్సుకుంట కూడ నిలబడ్డడు ఓసారి. నువ్వు పండుకునేటోనివి, నీకేం తెల్సు."

శశాంక్ ఫ్లెక్సీ మీద తండ్రి ముఖం వైపు చూశాడు.

"ఆయన పక్క ఆయనది. మా ఇంట్ల నాది ఈ పక్క. నా పక్క ఇడిసిపెట్టి ఆయనది పాడమంటె ఎట్ల పాడుదు బిడ్డా?"

వెంకట్రాజం, ఎప్పుడూ లేనంత మెల్లగా, "టీచర్, మూడో చరణం చెప్పలేదు మీరు," అన్నాడు.

చెప్పకుండా ఉంటే బాగుండుననిపించింది. శకుంతల గారి వైపు చూశాను. చెప్పమన్నట్టు తల ఊపారు.

"ఎన్నాళ్లకొచ్చినా పర్వాలేదు, ముసలివాడివై వచ్చినా తీస్తా. ఒక్కటే మాట. తట్టకుండా మాత్రం పోకు."

ఆవిడ హార్మోనియం పెట్టె మీద పడిన దుమ్ము వేలితో తుడుస్తూ కూర్చున్నారు. శశాంక్ లేచి వెళ్లి తల్లి పక్కన దరీ మీద కూలబడ్డాడు. ఆవిడ అతని వీపు మీద చెయ్యి వేశారు. నేను తరవాతి పాట ప్రకటించాలి, అది వెంకట్రాజం సంత పాట, ఆఖరిసారి. మైకు దగ్గరికి తెచ్చుకున్నాను. నాకు అప్పుడు అరటిపండు వొలుచుకునే కోతి గుర్తొచ్చింది, "రాత్రి కూడ పెట్టది" అన్న రమ్య మాట గుర్తొచ్చింది. ఏడాదిగా ఆవిడ ఆ తలుపుకు గడియ ఎందుకు పెట్టడం లేదో అర్థమైంది. తట్టే మనిషి లేడు కాబట్టి, ఆయన పాటలో అడిగినట్టే తెరిచి ఉంచారు. ఎవరితోనూ అనలేదు. ఇందాక అందరూ ఏడ్చినప్పుడు నేను నవ్వాను కాబట్టి, ఇప్పుడు ఏడవడం బాగుండదని బిగపట్టుకున్నాను.

తరవాతి నెల సభకు ఆవిడను నేనే తీసుకువెళ్తానని చెప్పాను. వెంకట్రాజం కొత్త పాట మొదటిసారి పాడే రోజది. వారం ముందునుంచీ ఫోను చేసి నాకు వినిపిస్తున్నాడు. ముక్కుతో పాడటం ఇంకా కుదరలేదు. ఈ పాటకు అర్థం మాత్రం ఒక్కో ముక్కా అడిగి రాసుకున్నాడు. అది నాకు పెద్ద విజయం.

సాయంత్రం ఆటోను వీధి చివర ఆపించి నడిచి వెళ్లాను. గోడమీద కోతులు వరసగా కూర్చుని ఉన్నాయి, వాటి ముఖాలు దిగాలుగా ఉన్నాయి. అలవాటు కొద్దీ తలుపు తోశాను. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా తోశాను. లోపల గడియ పెట్టి ఉంది.

అక్కడే నిలబడిపోయాను. హాల్లో బిగపట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. వీధిలో వాళ్లు చూస్తున్నారని కూడా అనుకోలేదు. కళ్లు తుడుచుకుని, తలుపు తట్టాను. జవాబు లేదు. రెండోసారి తట్టాను.

"ఎవలూ?"

"నేనే అక్కా. టీచర్ని."

లోపల చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. గడియ తీసిన చప్పుడైంది. శకుంతల గారు జరీ అంచు చీర కట్టుకుని, సంచి భుజానికి తగిలించుకుని తయారుగా ఉన్నారు. నా ముఖం చూశారు, ఎర్రబడ్డ కళ్లు చూశారు, గడియ వైపు కూడా ఒకసారి చూశారు.

"ఏం చెయ్యాలె టీచర్, కోతులు వస్తానయి గద," అన్నారు. ఆటో ఎక్కడాపావని అడిగి, ముందు నడిచారు.